కాశీయాత్ర చరిత్ర: ఋతువు, దారి, స్థానిక చరిత్ర

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను తెలుగు పరిశోధకులు ప్రధానంగా ఆకరగ్రంథంగానే వినియోగించుకున్నారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించిన ప్రతి ఈ దృష్టిని స్థిరపరచింది. ఆయన చారిత్రక శ్రద్ధ గ్రంథాన్ని మరుపు నుంచి కాపాడిందనడంలో సందేహం లేదు. అయితే ధరలు, కులాలు, పాలనా పద్ధతులు ఏరుకునే పఠనంలో ఒక ప్రశ్న మరుగునపడింది. ఆ వివరాలను యాత్రికుడు ఏ నెలలో, ఏ నేల మీద, ఎటువంటి దారిలో గమనించారన్నదే ఆ ప్రశ్న. ఈ గ్రంథంలో స్థానిక చరిత్ర ఋతువు ద్వారానే వ్యక్తమవుతుందని చెప్పడానికి తగిన ఆధారాలున్నాయి.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె కోసం దారి పొడవునా రాసిన వృత్తాంతం, రచయిత మరణానంతరం 1838లో గ్రంథరూపం పొందింది. ఇల్లు చేరాక తీరిగ్గా జ్ఞప్తికి తెచ్చుకుని రాసినదైతే ఎండలు ఒకచోట, వానలు మరొకచోట సర్దుకునేవి. మజిలీ మజిలీకి రాసేవారికి రేపటి ఏరు ఎలా ఉంటుందో తెలియదు. వ్యావహారికానికి దగ్గరగా నడిచే ఆ వాక్యంలో ఈ అనిశ్చితి ఉంది. భాష గురించి చర్చించినవారు దీన్ని ఎక్కువగా పట్టించుకోలేదు.

ప్రబంధ సంప్రదాయంలో ఋతువర్ణన అష్టాదశవర్ణనల్లో ఒకటి. అదంతా కవిసమయాల కూర్పేనని తోసివేయడం సరికాదు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని వర్షాకాలంలో తడిసిన వంటచెరకుతో అవస్థపడే ఇల్లాళ్లున్నారు. రాయల పరిశీలన వీరాస్వామయ్య పరిశీలన కంటే ఎన్నో రెట్లు సూక్ష్మమైనది. కాబట్టి ఒకటి కల్పన, మరొకటి వాస్తవం అనే విభజన ఇక్కడ నిలవదు. తేడా చూసే చోటులో ఉంది. అక్కడి వాన ఇంటిని, ఊరిని చుట్టుకుని కురుస్తుంది. ఇక్కడి వాన దారి మీద పడుతుంది. దారిని అడుసు చేస్తుంది, వాగును పొంగిస్తుంది, మజిలీని మారుస్తుంది.

మరొక విశేషం యాత్రికుని స్వస్థలానికి సంబంధించినది. మద్రాసు వాసికి ప్రధానమైన వానలు ఈశాన్య ఋతుపవనాలవి, అంటే ఆశ్వయుజ కార్తీకాలవి. ఆయన కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా సాగినదేమో నైరుతి వానల కాలంలో. తన ఊళ్లో అసలు వానలు ఇంకా మొదలుకాని నెలల్లో దక్కను వానాకాలం గుండా ఆయన నడిచారు. ఋతువు కాలంతో పాటు స్థలంతోనూ మారుతుందన్న అనుభవం అలా కలిగింది. ప్రబంధ నాయకునికి ఈ అవకాశం అరుదు. అతడు ఎక్కడున్నా ఋతువులు ఒకే వరుసలో వస్తాయి.

ఇక్కడే స్థానిక చరిత్ర ప్రవేశిస్తుంది. నిండిన నదిని దాటడానికి పడవ కావాలి, రేవు నడిపేవారు కావాలి, ఆ రేవుపై ఎవరో ఒకరి అధికారం ఉండాలి. కంపెనీ ఇలాకా, కందనూరు నవాబు సీమ, నిజాం రాజ్యం, భోంసలేల నాగపూరు వరుసగా దాటిన యాత్రికునికి పాలనలోని భేదాలు దారి బాగోగుల్లో, దొరికే నీటిలో, అంగళ్లలో, చెల్లించవలసిన సుంకాల్లో తెలుస్తాయి. శ్రీశైల ప్రకరణం ఇందుకు మంచి ఉదాహరణ. యాత్రికుల వద్ద నవాబు తరఫున జరిగే వసూళ్లు, ఆలయపు ఆలనాపాలనల లోపం క్షేత్రమాహాత్మ్యం పక్కనే చోటుచేసుకున్నాయి. స్థలపురాణం, రెవెన్యూ సమాచారం, అలసిన శరీరం ఒకే పుటలో కలిసిన ఇటువంటి వచనం అంతకుముందరి తెలుగులో అరుదు. దీన్ని భక్తిరచన, చరిత్రరచన అని రెండుగా చీల్చి చదివితే రెండూ బలహీనపడతాయి.

అయితే ఈ రచయిత చూపు పల్లకిలోంచి సాగిన చూపు. ఆయన వెంట డేరాలు, బోయీలు, పెద్ద పరివారం ఉన్నాయి. బురదలో దిగబడిన పాదాలు ఆయనవి కావు. బోయీల శ్రమను ఆయన గుర్తించారు, నిజమే. కానీ ఆ గుర్తింపు తరచుగా ప్రయాణపు లెక్కలో భాగంగానే వస్తుంది. ఏ దారిలో వారు త్వరగా నడవగలరు, ఎక్కడ ఆలస్యమవుతుంది అన్నది తర్వాత వచ్చే యాత్రికులకు ఉపయోగించే సమాచారం. అదే వానను మోతగాని వైపు నుంచి చెప్పే వాక్యం కోసం పాఠకుడు వెతుక్కోవాలి. గ్రంథాన్ని సమకాలీన సమాజానికి అద్దమని పొగిడే వ్యాసాలు ఈ వెలితిని ప్రస్తావించకపోవడం ఆశ్చర్యకరం.

1830 శరత్తులో మద్రాసు తీరాన ఈశాన్య వానలు మొదలయ్యేనాటికి వీరాస్వామయ్య ఉత్తరదేశంలో ఉన్నారు. మరుసటి ఏడాది కలకత్తా, జగన్నాథం, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, నెల్లూరుల మీదుగా ఇంటికి చేరినది సెప్టెంబరు ఆరంభంలో. అప్పటికి ఆ వానలు ఇంకా రాలేదు. ఇన్ని దేశాల వర్షాలు కురిసిన ఈ గ్రంథంలో ఆయన సొంత ఊరి వానాకాలం ఒక్కటే లేదు.