మడ మీద చెక్క బాట

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద, చొల్లంగి దగ్గర టికెట్టు తీసుకుని లోపలికి వెళితే కాసేపటికి కాలి కింద నేల ఉండదు. చెక్క ఉంటుంది. రెండు పక్కలా మడ చెట్లు కమ్ముకుని ఉంటాయి. పాటు వేళ అయితే బురదలోంచి వేళ్ళలాంటి వేర్లు లెక్కలేనన్ని పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. పోటు వచ్చిందంటే అవన్నీ మాయం. ఇక చెక్కల కింద నీళ్ళ చప్పుడే.

ఇది కోరింగ వన్యప్రాణి అభయారణ్యం. 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. బావురుపిల్లులు, నీటికుక్కలు ఇక్కడి అసలు కాపురస్థులు. ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళకి ఈ అడవిని ముందుగా చూపించేది ఆ చెక్క బాటే.

అక్కడ మట్టి పోసి దారి వెయ్యకపోవడానికి కారణం ఆ వేర్లే. మడ బురదలో గాలి ఆడదు. అందుకే నల్లమడ, తెల్లమడ చెట్లు వేర్లని పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. వాటి మీద జనం నడిస్తే వేర్లు విరుగుతాయి, బురద గట్టిపడుతుంది, చెట్టు చిక్కిపోతుంది. కాబట్టి మనిషి పాదం బురదకి తగలకూడదు. చెక్కల కింద నీరు అటూ ఇటూ ఆడాలి. చెట్టు అడ్డొస్తే దాన్ని కొట్టకుండా బాటే పక్కకి తిరగాలి. మడలో దారి వేసేవాడు ముందు నేర్చుకోవలసిన పాఠం ఇది.

గోదావరి డెల్టాలో దారి ఎప్పుడూ ఎత్తు మీదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, ఆ వెనకే కాలువలూ వాటి గట్లూ విస్తరించాయి. ఏటిగట్టు వరదని ఆపడానికి పోసిందే. కానీ పొద్దుటి నడకకీ, సైకిలుకీ, మేతకెళ్ళే పశువులకీ అదే దారి. ఆ గట్లని కనిపెట్టుకుని తిరగడం లస్కర్ల పని. ఎలుక బొరియ, ఎండ్రకాయ కన్నం, సన్నటి ఊట... ఏదైనా మొదట్లో తట్టెడు మట్టితో పోయేదే. చూడకుండా వదిలేస్తే వరద రోజున అక్కడే గండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు వచ్చింది. గట్లు తెగి ఊళ్ళు మునిగాయి. ఆ వరద చూసినవాళ్ళలో గట్టు మీద నడుస్తూ వాలు వంక ఓ కన్ను వేసి ఉంచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

చెక్క బాటకి కావలసింది కూడా ఆ కన్నే.

రోజుకి రెండుసార్లు తడిసి రెండుసార్లు ఆరే చోట కర్ర త్వరగా పాడవుతుంది. ఉప్పుగాలికి మేకులు తుప్పు పట్టి తలలు లేస్తాయి. వానాకాలం చెక్క మీద పాచి పట్టిందంటే చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ ముందు జారిపడతారు. పోటుతో కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సీసాలు వేర్ల మధ్య ఇరుక్కుంటాయి, వంగి ఏరేవాళ్ళు ఉంటేనే అవి వెళతాయి. ఈ పక్కనే తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే వడ్రంగం తరాల నాటిది. ఏ కర్ర ఉప్పునీటికి ఎన్నాళ్ళు ఆగుతుందో, ఏ అతుకు ముందు వదులవుతుందో ఆ చేతులకి తెలుసు. అంత విద్య ఇంత దగ్గరలో ఉండటం ఈ బాట అదృష్టం. దాన్ని పిలిచి వాడుకోవాలి.

కోరింగలో అటవీ శాఖ స్థానికులతో కలిసి పర్యాటకాన్ని నడుపుతోంది. మంచి పద్ధతి. ఎందుకంటే రోజూ ఆ చెక్కల మీద తిరిగే ఊరి మనిషికే ఏ చెక్క నిన్నటికన్నా ఎక్కువ ఊగుతోందో తెలుస్తుంది. ఆయనకి రంపం, మేకులు, కొత్త పలక అడిగిన రోజునే అందాలి. టికెట్టు డబ్బులో మరమ్మతుకని కొంత ముందే పక్కన పెడితే అది కష్టం కాదు. రాజమహేంద్రవరం కంబాల చెరువు గట్టయినా, ఊరి పార్కులో నడక బాటయినా ఇదే లెక్క. కట్టిన రోజు శిలాఫలకం వేస్తాం. ఏడాది తిరిగేసరికి ఊడిన రాయిని ఎవరు సర్దాలో ఆ రోజే రాసుకోం.

బాట మీద నిదానంగా నడిస్తే ఆ సర్దిన చేతులు కనిపిస్తాయి. నల్లబడ్డ పలకల వరసలో ఎక్కడో ఒకటి ఇంకా తెల్లగా ఉంటుంది, రంపపు గీతలు కూడా చెరగకుండా. దాని మీద అడుగేస్తే చప్పుడు వేరు.