గొల్లకలాపం: వాదంలో గెలుపు స్వరూపం

కూచిపూడి కలాపాలలో భామాకలాపం శృంగార ప్రధానం కాగా, గొల్లకలాపం వాద ప్రధానం. భాగవతుల రామయ్య రచనగా కూచిపూడిలో నిలిచిన ఈ కలాపంలో కథ స్వల్పం. చల్లలమ్మే గొల్లభామకూ, శాస్త్రం చదివిన బ్రాహ్మణునికీ నడుమ సాగే సంవాదమే ఇతివృత్తం. పిండోత్పత్తి, యజ్ఞస్వరూపం అందులోని ప్రధానాంశాలు. విమర్శకులు దీనిని వేదాంత ప్రబోధంగానో, కులాధిక్య నిరసనగానో పరిగణించడం కద్దు. ఈ రెండు దృష్టులూ రచనను చూస్తాయే గాని ప్రయోగాన్ని చూడవు.

గర్భంలో శిశువు రూపొందే క్రమాన్ని గొల్లభామ వివరించడంలో ఒక తర్కం ఉంది. దేహాలన్నిటి పుట్టుక ఒక్క తీరే అయినప్పుడు జన్మ వల్ల ఆధిక్యం ఎక్కడిదన్న ప్రశ్నకు ఆ వర్ణన భూమిక. గర్భోపనిషత్తు చర్చించిన విషయం చల్లకుండ మోసే స్త్రీ నోట వెలువడడమే వాదానికి పదును. అయితే ఆమె గెలుపునకు ఒక పరిమితి ఉంది. బ్రాహ్మణుని ఓడించడానికి ఆమె చేపట్టిన ప్రమాణాలు అతని శాస్త్రానివే. అందువల్ల కలాపం అతని అహంకారాన్ని ఖండిస్తుంది గాని, అతని కొలమానాన్ని తోసిపుచ్చదు.

ఈ పరిమితి ప్రయోక్తను బట్టి మారుతుంది. కూచిపూడి మేళాలలో గొల్లభామ వేషం ధరించినవారు బ్రాహ్మణ పురుషులు. అక్కడ ఆక్షేపణ, సమాధానం ఒకే సమాజానివి కనుక వాదం ఆత్మవిమర్శగా ముగుస్తుంది. గోదావరి ప్రాంతపు కలావంతులు గొల్లకలాపం ఆడినప్పుడు బ్రాహ్మణుని నిలదీసే కంఠం నిజంగానే స్త్రీది, అందునా సమాజం అంచున నిలిపిన స్త్రీది. శాస్త్రప్రమాణం ఆమె నోట అరువు సొమ్ముగా గాక, చేజిక్కించుకున్న హక్కుగా వినిపిస్తుంది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తరువాత వారి వేదికలు సన్నగిల్లడంతో ఈ అర్థం విమర్శ దృష్టికి దూరమైంది.

ప్రయోగంలో దరువు, వచనం చెరొక పని చేస్తాయి. దరువులో పాత్ర తన్ను తాను ప్రకటించుకుంటుంది; వచన సంవాదంలో ఎదుటివారి మాటకు బదులిస్తుంది. ప్రదర్శనను ప్రవేశ దరువుకే కుదించినప్పుడు మిగిలేది చల్లకుండతో నడిచే సుందరి మాత్రమే. బ్రాహ్మణుడు లేని రంగస్థలంపై ఆమె ప్రశ్నకు ప్రతివాది ఉండడు.

కనుక గొల్లకలాప పరిశీలన ముద్రిత పాఠంతో ముగియరాదు. కూచిపూడి, కలావంతుల ప్రదర్శన సంప్రదాయాలను పక్కపక్కన నిలిపినప్పుడే ఈ వాదంలో గెలిచినది శాస్త్రమా, దానిని పలికిన స్త్రీయా అన్నది తేలుతుంది.