నిఘంటువులో దొరకని ప్రాస

ఇంగ్లీషులో 'ఆరెంజ్' అనే మాటకు ప్రాస లేదని చాలాకాలంగా చెప్పుకుంటూ వస్తున్నారు. 2010లో ఒక టెలివిజన్ ఇంటర్వ్యూలో ర్యాప్ గాయకుడు ఎమినెమ్ ఈ మాటను కొట్టిపారేశాడు. ఉచ్చారణను కాస్త వంచి, దాన్ని 'డోర్ హింజ్' అనే రెండు మాటల పక్కన నిలబెట్టాడు. రాతలో కలవవు, చెవికి కలుస్తాయి. దీన్ని దొంగప్రాస అని ఈసడించే పండితులున్నారు. ఆ ఈసడింపు వెనక ఉన్నది అభిరుచి ఒక్కటేనా?

బైరన్ 'డాన్ జువాన్' (1819–24)లో ఒక పొడుగు మాటకు రెండుమూడు పొట్టి మాటల్ని గుదిగుచ్చి ప్రాస కట్టాడు. వ్యంగ్య కావ్యం కనుక చెల్లిపోయింది. గంభీర కవిత్వానికి మాత్రం ఇది తగదన్న అభిప్రాయం మిగిలింది. 1973 ప్రాంతంలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేదవాడల్లో పుట్టిన హిప్‌హాప్ ఆ గీతను చెరిపేసింది. 1987 నాటి 'పెయిడ్ ఇన్ ఫుల్'లో రకీమ్ పాదాంతంలోనే కాక పాదమధ్యంలోనూ ఇలాంటి ప్రాసలు పేర్చాడు, నవ్వించడానికి కాదు.

ఇంతకీ పద్ధతేమిటి? ముందు రాతను మరిచిపోవాలి. పదబంధంలో ఊనిక పడే అచ్చుల్ని వరసగా పట్టుకోవాలి. హల్లులు చుట్టాలైతే చాలు. 'నైట్ షిఫ్ట్' తీసుకోండి. ప్రాసల నిఘంటువు 'షిఫ్ట్' కింద 'లిఫ్ట్', 'గిఫ్ట్' చూపిస్తుంది. 'ప్రైస్ లిస్ట్' చూపించదు. రెండింటా 'ఐ', 'ఇ' అదే వరసలో ఉన్నాయి. చివర ఊష్మధ్వని వెంట టకారం. రాత్రంతా మిషను ముందు నిలబడినవాడికీ ధరల పట్టికకూ ఉన్న సంబంధం వేరే చెప్పాలా!

మన ప్రాసనియమం దీనికి తలకిందులు. వృత్తపద్యంలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరపు హల్లు మారకూడదు. అచ్చు ఏదైనా కావచ్చు. 1918లో యుద్ధరంగంలో మరణించిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ కూడా పాదాంతాల్లో హల్లుల్ని నిలిపి అచ్చుల్ని మార్చాడు. ఇంగ్లీషు చెవికి అది వెలితి. యుద్ధం గురించి రాసేవాడికి కావలసింది ఆ వెలితే. మన చెవికి వెలితిగా తోచదు. అంటే ఏది పూర్తి ప్రాస, ఏది సగం ప్రాస అన్నది ప్రకృతి పెట్టిన హద్దు కాదు.

ప్రమాదం లేకపోలేదు. అచ్చుల వేటలో పడ్డవాడు ఐదారు మాటల గొలుసు కలిపి అర్థాన్ని గాలికొదిలేస్తాడు. స్త్రీలను కించపరిచాడని ఎమినెమ్ మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. ప్రాస ఎంత బాగా కుదిరినా దానికి జవాబు కాదు. ఆ మాటకొస్తే 'నైట్ షిఫ్ట్'కు 'బ్రైట్ గిఫ్ట్' ఇంకా చక్కగా కుదురుతుంది. రాత్రిపని పాటలో దానికి చోటెక్కడ?