ఆగం అంటే మెస్ కాదు

పెద్దవూర మీదుగా సాగర్ పోయే తొవ్వలోనైనా, మిర్యాలగూడ బస్టాండు చుట్టుపక్కలైనా మెస్ అంటే అన్నం. "ఏ మెస్‌ల తిన్నవ్?" అంటే ఎవరూ నవ్వరు. ఆ పిల్లలే హైదరాబాదు హాస్టల్లో చేరాక "లైఫ్ మెస్ అయింది" అంటారు. అప్పుడూ ఎవరూ నవ్వరు. తమాషా ఏంటంటే, రెండూ ఒకటే మాట. పాత ఫ్రెంచిలో మెస్ అంటే పళ్లెంలో వడ్డించిన వంటకం. తర్వాత అన్నీ కలిపేసిన కుడితి లాంటి తిండికి ఆ పేరొచ్చింది. చిందరవందర అన్న అర్థం పందొమ్మిదో శతాబ్దంలో గానీ స్థిరపడలేదు. మన మెస్ బోర్డులు పాత ఇంగ్లీషునే ఇంకా మోస్తున్నాయన్నమాట.

ఇంగ్లీషులో రభసకు ఉన్న మాటలు చాలావరకు ఏదో ఒక చోటి నుంచి వచ్చినవే. షాంబుల్స్ మాంసం కొట్లు, ఆ తర్వాత కబేళా. యార్క్‌లో ఒకప్పటి కసాయి వీధికి ఇప్పటికీ అదే పేరు. బెడ్‌లామ్ లండన్‌లోని బెత్లెమ్ పిచ్చాసుపత్రి. పాండిమోనియం 1667లో మిల్టన్ సైతానులకు కట్టించిన రాజధాని. హేవక్ అయితే సైనికులకు దోచుకొమ్మని ఇచ్చే కేక. నెత్తురు, సంకెళ్లు, దోపిడీ అన్నీ అరిగిపోయి, ఇవాళ సర్దని గదికి కూడా షాంబుల్స్ అనేస్తున్నారు.

మన మాటలూ తక్కువేం కాదు. రచ్చ అంటే పదిమంది కూడే చోటు, రచ్చబండలో ఆ అర్థం ఇంకా మిగిలే ఉంది. అరాచకంలో రాజు లేడు. కల్లోలంలో ఉన్నది కెరటం. కిష్కింధకాండలో కోతులు, పాపం.

అసలు గొడవ అనువాదంతో. తెలంగాణ కథలు ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు తరచూ కనిపించే అలవాటొకటుంది: లొల్లి, ఆగం, గత్తర, పరేషాన్, ఏదైనా సరే, కేయాస్ లేకపోతే మెస్. పత్రికల తెలుగు ఈ పని ముందే మొదలుపెట్టింది. అసెంబ్లీలో గందరగోళం, ఫలితాల్లో గందరగోళం, కౌన్సెలింగులో గందరగోళం. ఒక్క మాటకు ఇంత చాకిరీయా!

ఆగం మాటే చూడండి. "ఇల్లంతా ఆగం జేసిండ్రు" అన్నప్పుడు మెస్ సరిపోతుంది, ఒప్పుకుంటాను. "ఆగమాగం గాకు" అంటే తొందరపడకని. "తల్లి పోయినంక పిల్లలు ఆగమైండ్రు" అన్నప్పుడు మాత్రం మెస్ అని రాస్తే తప్పు కాదు, అన్యాయం. అక్కడ ఏదీ చెల్లాచెదురు కాలేదు, దిక్కు పోయింది. 1955లో సాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్యలో మునిగిన ఊళ్ల మనిషి "ఆగమైనం" అంటే ఇంగ్లీషులో ఏం రాయాలి? మెస్ అంటే ఎవరో చేసింది, ఊడిస్తే పోయేది. ఆగం అట్లా ఊడిస్తే పోదు. రూయిన్డ్ కొంత దగ్గర, అన్‌మూర్డ్ ఇంకొంచెం దగ్గర. రెండూ చాలకపోతే ఆగం అనే ఉంచెయ్యొచ్చు. కర్మ, ధర్మ అర్థం చేసుకున్న పాఠకుడికి ఆగం అంత కష్టమా?

గత్తర కథ వేరు. గత్తర అంటే కలరా. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి గురించి చెప్పుకునే కథలో 1813 నాటి కలరా ఉంటుంది. "నీకు గత్తర రాను" అని ముసలమ్మలు తిడితే అది ఉత్త తిట్టు కాదు, శాపం. ఇప్పుడు సినిమా పాట బాగుంటే "గత్తర లేపిండు" అంటున్నారు. దీన్ని భాష చెడిపోవడం అని నేననుకోను. షాంబుల్స్ నెత్తురు కడుక్కున్నట్టే గత్తర కూడా రోగం వదిలించుకుంది. కానీ పాతకాలం కథలో ముసలమ్మ నోట వచ్చిన గత్తరనూ, ఇవాళ్టి కుర్రాడి గత్తరనూ అనువాదకుడు ఒకే కేయాస్‌లో వేస్తే ఆ ఇద్దరి మధ్య గడిచిన కాలమంతా మాయమవుతుంది. మొదటిదానికి పెస్టిలెన్స్ కావాలి. రెండోదానికి కిల్డ్ ఇట్ చాలు, అందులోనూ చావుంది కదా.