అబద్ధం దొరికే చోటు

ఈ వారం నాకు బాగా చిరాకు తెప్పించిన మాట ఒకటుంది. ‘ప్యాకేజీ వెర్షన్ ఎంతో ఫైలు పేరులోనే కనిపిస్తుంది కదా, దాన్ని ముక్కలు చేసి తీసుకుంటే పోలా?’ అన్నది. ఊహించి ముందుకు పోయే ప్రోగ్రాం కన్నా అర్థం కాలేదని ఆగిపోయే ప్రోగ్రాం మేలని ఈ కాలమ్‌లో నేను పదే పదే వాదించడం పాత పాఠకులకు తెలిసిందే. ఫైలు పేరును నమ్ముకోవడం అలాంటి ఊహల్లో మొదటిది. డెబియన్ ప్యాకేజీనే తీసుకోండి. దాని వెర్షన్‌కు ముందు ఎపాక్ అనే అంకె, ఆ తర్వాత కోలన్ ఉండొచ్చు. అసలు సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు అంకెలు వేసే పద్ధతి మార్చుకున్నప్పుడు దీని అవసరం పడుతుంది. రెండు వెర్షన్లను పోల్చేటప్పుడు అన్నిటికన్నా ముందు చూసేది ఈ ఎపాక్‌నే, కాబట్టి 1:1.2 అన్నది 2.0 కన్నా కొత్తది. మామూలుగా డెబ్ ఫైలు పేరులో మాత్రం ఎపాక్ ఉండదు. పేరు చూసి 1.2 అని రాసుకున్న ప్రోగ్రాం కొత్తదాన్ని పాతదని తేల్చేస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు. తప్పుల జాబితా ఒకటి తయారవుతుంది, దాన్ని చూసుకుని ఎవరో ఏ సర్వర్‌ను అప్‌డేట్ చేయాలో నిర్ణయిస్తారు.

మరి లోపలికి వెళ్లి చదవడం ఎంత కష్టం? డెబ్ ఫైలు అంటే ఏఆర్ అనే పాతకాలపు ఆర్కైవ్. అందులో వరసగా మూడు భాగాలుంటాయి. మొదటిది ఫార్మాట్ వెర్షన్ చెప్పే చిన్న ఫైలు, తెరిస్తే 2.0 అని ఉంటుంది. రెండోది ప్యాకేజీ వివరాల టార్, మూడోది అసలు సరుకున్న టార్. రెండోదాంట్లో కంట్రోల్ అనే ఫైలులో పేరు, వెర్షన్, ఆర్కిటెక్చర్, దేనిమీద ఆధారపడుతుందో అన్నీ మామూలు అక్షరాల్లో రాసి ఉంటాయి. ఇక్కడా తొందర పనికిరాదు. ఖాళీతో మొదలయ్యే లైను పై లైనుకు కొనసాగింపు, ఖాళీ తర్వాత ఒక్క చుక్క మాత్రమే ఉంటే అది వర్ణనలో ఖాళీ లైను. ఒక్కో లైనూ విడిగా వెతికే స్క్రిప్టు మొదటి లైనుతోనే ఆగిపోయి, డిపెండెన్సీల్లో సగం వదిలేయగలదు. అందుకే ఆ పని డీపీకేజీ-డెబ్ లాంటి పరికరానికి అప్పగించడం మంచిది. రెడ్ హ్యాట్ తరహా లినక్స్‌లలో వాడే ఆర్‌పీఎం ప్యాకేజీల దారి వేరు. దాని హెడర్ బైనరీలో ఉంటుంది, ప్రతి వివరానికీ ఒక సంఖ్య ఉంటుంది: పేరుకు 1000, వెర్షన్‌కు 1001. పైకి ఇంత తేడా ఉన్నా రెండిటికీ ఒక మంచి గుణం ఉమ్మడిగా ఉంది. వివరాలు తెలుసుకోవడానికి ప్యాకేజీలోని ఒక్క లైను కోడ్‌నైనా నడపక్కర్లేదు.

ఆ గుణం విలువ తెలియాలంటే పైథాన్ చరిత్ర చూడాలి. అక్కడ చాలా ఏళ్లపాటు ప్యాకేజీ వివరాలన్నీ సెటప్ డాట్ పై అనే ఫైలులో ఉండేవి, అది స్వయానా ఒక ప్రోగ్రాం. 2001లో వచ్చిన పెప్ 241 (పెప్ అంటే పైథాన్‌లో మార్పులు ప్రతిపాదించే పత్రం) వివరాలను ఒక మామూలు ఫైలులో రాసిపెట్టే పద్ధతి పెట్టింది కానీ, సోర్స్ ప్యాకేజీ విషయంలో ఆ ఫైలును పూర్తిగా నమ్మే వీలు లేకపోయింది. ఇన్‌స్టాల్ అయ్యే మెషీన్‌ను బట్టి సెటప్ డాట్ పై వేరే జవాబు ఇవ్వొచ్చు మరి. విండోస్‌లో ఒక డిపెండెన్సీ, లినక్స్‌లో ఇంకొకటి. దాంతో ప్యాకేజీకి ఏమేం కావాలో తెలుసుకోవాలంటే ముందు దాన్ని నడపాలి. డౌన్‌లోడ్ మాత్రమే చేయమని, పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌కు చెప్పినా, సోర్స్ ప్యాకేజీ అయితే ఆ కోడ్ నడిచేది. ముక్కూమొహం తెలియని కోడ్‌ను మంచిదో కాదో తేల్చుకోవడానికి, దాన్నే మన మెషీన్‌లో మన అనుమతులతో నడిపించాల్సిన పరిస్థితి అది. దీన్నుంచి బయటపడడం అంచెలంచెలుగా జరిగింది. 2012లో ప్రతిపాదించిన పెప్ 427 వీల్ ఫార్మాట్‌ను తెచ్చింది. వీల్ అంటే జిప్ ఫైలే, అందులో మెటాడేటా ఫైలు ఈమెయిల్ హెడర్ల తరహాలో ఉంటుంది. 2020 నాటి పెప్ 643 సోర్స్ ప్యాకేజీల సంగతి తేల్చింది. మారే వివరం ఏదైనా ఉంటే దాన్ని డైనమిక్ అని ముందే ప్రకటించాలి, ప్రకటించనిది మారకూడదు. మరుసటి ఏడాది పెప్ 658 వచ్చి, వీల్ మొత్తం దించుకోకుండా ఆ ఒక్క మెటాడేటా ఫైలునే తెచ్చుకునే దారి చూపింది.

నిజ జీవితంలో అవసరాలు మెషీన్‌ను బట్టి మారుతూనే ఉంటాయి కాబట్టి, కదలని రాత సరిపోదని కొందరంటారు. వాళ్లు చెప్పే అవసరం నిజమే, దానికి కోడ్ ఒక్కటే దారి అనడమే తప్పు. ఇప్పుడు డిపెండెన్సీ పక్కనే ‘విండోస్ అయితేనే’ లాంటి షరతును కూడా రాతగానే పెడుతున్నారు. షరతు రాసి ఉంటే దాన్ని అన్ని మెషీన్లకూ ఒకేచోట కూర్చుని లెక్కకట్టవచ్చు. అదే కోడ్‌లో దాగి ఉంటే, నడిపిన మెషీన్ సంగతి మాత్రమే తెలుస్తుంది.

ఇంతవరకూ చదివితే, రాతలోని మెటాడేటా శుభ్రంగా ఉంటే చాలు, పెట్టె విప్పే పనే లేదనిపిస్తుంది. అలా అనుకోవడం ప్రమాదం. 2023 జూన్‌లో డార్సీ క్లార్క్ అనే ఇంజనీరు జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీ అయిన ఎన్‌పీఎంలోని ఒక లోపాన్ని బయటపెట్టారు. ప్యాకేజీ గురించి రిజిస్ట్రీ చూపించే వివరాలు, టార్‌లో ఉన్న ప్యాకేజీ డాట్ జేసన్ ఒకటేనా అని రిజిస్ట్రీ సరిచూడడం లేదు. బయట ఏ డిపెండెన్సీ లేదని చూపించి, లోపల డిపెండెన్సీలూ ఇన్‌స్టాల్ స్క్రిప్టులూ పెట్టవచ్చు. 2024 మార్చిలో బయటపడిన, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకా గట్టి దెబ్బ. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. పేరు సరైనదే, వెర్షన్ సరైనదే, విడుదల చేసింది ప్రాజెక్టు నిర్వాహకుల్లో ఒకరే. మెటాడేటా ఎంత బాగా చదివినా ఒక్క తప్పు కూడా దొరకదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు గమనించి తవ్వుకుంటూ పోబట్టి బయటపడింది. అలాంటప్పుడు చీటీ చదివే ప్రోగ్రాం కోసం ఇంత శ్రద్ధ దేనికన్న ప్రశ్న న్యాయమైనదే.

నా జవాబు ఇది. రాసిన వివరం నిజమే చెబుతుందన్న హామీ లేదు. కాకపోతే అబద్ధం చెబితే పట్టుకునే వీలు ఉంటుంది, దాని విలువంతా అక్కడే ఉంది. స్థలం దస్తావేజులో నాలుగు హద్దులూ రాస్తారు. రాసినంత మాత్రాన అవి నిజం కావు, కానీ సర్వేయరు గొలుసు పట్టుకుని వెళ్లి సరిచూడగలిగేది అవి రాసి ఉన్నందువల్లే. వీల్‌లో రికార్డ్ అనే ఫైలు ఉంటుంది. పెట్టెలోని దాదాపు ప్రతి ఫైలు పేరు, షా-256 లాంటి హాష్ విలువ, సైజు అందులో ఉంటాయి. దాన్ని అసలు సరుకుతో పోల్చడం ప్రోగ్రాంకు చిటికెలో పని. జిప్‌లోనూ ఫైళ్ల వివరాలు రెండు చోట్ల ఉంటాయి, చివర ఉండే పట్టికలో ఒకసారి, ప్రతి ఫైలు ముందు మరోసారి. రెండూ పొసగకపోతే ఒక పరికరానికి కనిపించిన ఫైలు ఇంకోదానికి కనిపించకపోవచ్చు. అలాంటి వీల్స్‌ను తిరస్కరిస్తామని పైథాన్ ప్యాకేజీల రిజిస్ట్రీ పైపీఐ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఎక్స్‌జెడ్‌లో కూడా ఒక పోలిక ఎవరూ చూడకుండా మిగిలిపోయింది. దొంగదారిని తెరిచే బిల్డ్ స్క్రిప్టు విడుదల టార్‌లో ఉంది, గిట్‌లో లేదు. బిల్డ్ స్క్రిప్టులను విడుదలప్పుడు తయారుచేసే ఇలాంటి ప్రాజెక్టుల్లో టార్‌కూ గిట్‌కూ కొంత తేడా మామూలేనని అందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటు చాటునే అది దాక్కుంది.

కాబట్టి మెటాడేటా చదివే ప్రోగ్రాం రాసేవాళ్లను నేను కోరేది, వివరం తీసి చూపించి ఊరుకోవద్దని. ఫైలు పేరు చెప్పేదీ, లోపలి రాత చెప్పేదీ, రిజిస్ట్రీ చెప్పేదీ, సరుకు చెప్పేదీ పక్కపక్కన పెట్టాలి. లేని వివరాన్ని ఊహతో పూరించకూడదు, లేదనే చెప్పాలి. రెండు చోట్ల రెండు మాటలుంటే నచ్చిన దాన్ని ఎంచుకోకుండా, తేడాను మనిషి ముందు పెట్టాలి. దీనివల్ల హెచ్చరికలు ఎక్కువై పని సాగదని అంటారు. మొదట్లో సాగదు. ప్యాకేజీలు చేసేవాళ్లు తేడాలు సరిచేసుకునే కొద్దీ హెచ్చరికలు తగ్గుతాయి, అప్పుడు మిగిలే ఒకటో రెండో తేడాలు నిజంగా చూడాల్సినవై ఉంటాయి. చిన్న తేడాలకు అలవాటుపడిన చోట పెద్ద మోసం కూడా చిన్న తేడాలాగే కనిపిస్తుంది.