సిద్ధపాటును కొలుచువారెవరు?

1969లో అమెరికా దేశస్థులైన పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ ప్రతిపాదించిన నాయకత్వ సిద్ధాంతము నేడు సంఘ నాయకుల తర్ఫీదులోను వినబడుచున్నది. దాని సారాంశమిది: నాయకత్వమునకు ఒకే సరియైన పద్ధతి లేదు. పనివాని సామర్థ్యమును, ఇష్టతను బట్టి నాయకుడు ఆదేశించుట, నచ్చజెప్పుట, నిర్ణయములో పాలిచ్చుట, అప్పగించుట అను నాలుగింటిలో తగినదానిని ఎన్నుకొనవలెను.

ఇందలి మేలును మేము కాదనము. నిన్న చేరిన సండేస్కూలు ఉపాధ్యాయురాలిని, ఇరువది ఏండ్లుగా సంఘ లెక్కలు చూచుచున్న కోశాధికారిని ఒకే రీతిగా నడిపించు కాపరి ఇద్దరికిని అన్యాయము చేయును. ప్రభువు కూడ పండ్రెండుమందిని పంపునప్పుడు చేతికఱ్ఱ, రొట్టె, అంగీల వరకు ఆజ్ఞలిచ్చెను (మార్కు 6:8-9).

అయితే రెండు లోపములు కనబడుచున్నవి. మొదటిది, ఆధారము చాలదు. 1987లో రాబర్ట్ వెక్కియో హైస్కూలు ఉపాధ్యాయుల మధ్య జరిపిన పరిశోధనలో, ఈ సిద్ధాంతము ముఖ్యముగా క్రొత్తవారి విషయములోనే నిలిచెను. అనుభవజ్ఞుల విషయములో నిలువలేదు.

రెండవది మరి గంభీరమైనది. కొలబద్ద నాయకుని చేతిలోనే యున్నది. “వీరింకను సిద్ధపడలేదు” అను తీర్పు అధికారమును కాపాడుకొను సాధనము కాగలదు. వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనెరీలను కోరినది స్నేహమును. 1912లో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడకముందు, భారతీయునికి అంతటి బాధ్యత తగదని అభ్యంతరపెట్టినవారు కలరు. ఆ కొలత తప్పని ఆయన పరిచర్యయే ఋజువు చేసెను.

సిద్ధపాటు నమ్మకమునకు ముందే కాదు, నమ్మకమువలనను కలుగును. పౌలు వద్దన్న మార్కును బర్నబా వెంటబెట్టుకొని పోయెను (అపొ.కా. 15:37-39). తరువాత పౌలే అతనిని పిలిపించుకొనెను (2 తిమోతి 4:11). ప్రభువు శిష్యులను స్నేహితులని పిలిచిన రాత్రియే, వారు ఇప్పుడు సహింపలేని సంగతులు ఇంకను కలవని చెప్పెను (యోహాను 15:15, 16:12). స్నేహమునకు ఆయన సిద్ధపాటును షరతుగా పెట్టలేదు.

కాపరులమైన మేము సహాయకులకు ప్రసంగపీఠమును, లెక్కల పుస్తకమును ఏండ్ల తరబడి అప్పగింపక, దానికి “తర్ఫీదు” అని పేరు పెట్టుట కలదు. కనుక ఈ సిద్ధాంతమును వాడుకొందము గాని, కొలతను పనివానితో కూర్చుండి, అప్పగించు గడువును ముందే నిర్ణయించి చేయుదము.