రాయికి రంగు వెయ్యకండి

ఈ వారం ఒక మ్యూజియంలో నాకు ఒళ్లు మండింది. రొమాంటిక్ కాలపు నీటిరంగు బొమ్మ ఒకటి, పల్లెటూరి చర్చీ, చుట్టూ సమాధులూ, చూద్దామని వెళ్తే గోడమీద లేదు. చీకట్లో, పెట్టెలో ఉందన్నారు. జనం సొమ్ముతో కొన్న బొమ్మని జనానికే దాచడమేమిటి?

ఆ విసురులోనే జర్మనీలో బాడ్ కాన్‌స్టాట్‌లోని ఉఫ్‌కిర్ష్‌హోఫ్ శ్మశానానికి వెళ్లి స్కెచ్‌బుక్ తెరిచాను. పాత గోథిక్ చర్చి, పెద్ద చెట్లు, వాటికింద సమాధులు. మోటారు బండిని రోడ్డెక్కించిన డైమ్లర్, మేబాక్ కూడా ఇక్కడే ఉన్నారు.

నేనెప్పుడూ పాడే పాటే: నీటిరంగుల్లో తెలుపు ట్యూబులో ఉండదు, కాగితంలోనే ఉంటుంది. సమాధిరాయికి రంగు వెయ్యకూడదు, దాని వెనక గడ్డికి వెయ్యాలి. ఆ పచ్చ ఇంకా చెమ్మగా ఉండగా రాయి అడుగున కుంచె మొన తాకిస్తే, రాయి నేలలోంచి లేచినట్టుంటుంది. ఆరాక తాకిస్తే తెచ్చి అతికించినట్టుంటుంది.

ఈ విద్యకి నా గురువు ఇంగ్లండు చిత్రకారుడు థామస్ గర్టిన్. 1800లో ఆయన వేసిన ‘చెల్సీ తెల్ల ఇల్లు’ బొమ్మలో ఆ తెలుపంతా ఉత్త కాగితమే. రెండేళ్లకే, 27 ఏళ్లకి పోయాడు. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు మన చిత్రకారుడు దామెర్ల రామారావు గుర్తొస్తాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జె.జె. స్కూలుకి పంపాడు. చదువై తిరిగొచ్చి, రామారావు గోదావరి ఒడ్డునే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి తీసుకుపోయింది. ఆయనకీ 27 ఏళ్లే. ఇంత తక్కువ ఆయుష్షున్న వాళ్ల చేతిపని మనదాకా రావడమే భాగ్యం.

అయితే గర్టిన్ బొమ్మలు చాలావరకు ఆయన వేసినట్టు మనదాకా రాలేదు. ఆయన వాడిన నీలిమందుని వెలుతురు తినేసింది. బూడిదరంగు మబ్బులు గోధుమరంగుకి తిరిగాయి. నీటిరంగుల్ని వెలుతురే చంపుతోందని 1888లోనే లండన్‌లో రసెల్, ఆబ్నీ అనే శాస్త్రవేత్తలు పరీక్షించి తేల్చి నివేదిక రాశారు. ఇవాళ మ్యూజియాలు వాటిమీద 50 లక్సుల మసక వెలుగే పడనిస్తాయి, అదీ కొన్ని నెలలే.

కాబట్టి నాకు ఒళ్లు మండించిన ఆ మ్యూజియం పెట్టె ఉండాల్సిందే. ముందుగా ఉత్తరం రాస్తే చాలా మ్యూజియాల్లో బొమ్మ తీసి బల్లమీద పెట్టి చూపిస్తారు. అలాగే చూద్దాం. మీ ఇంట్లో ఏ తాతగారో వేసిన నీటిరంగు బొమ్మ కిటికీ ఎదురుగా వేలాడుతుంటే, ఇవాళే ఎండ తగలని గోడకి మార్చండి.